పన్నెండో గుక్క

జడ్సన్ కారు హారను రెండోసారి మోగేసరికి ఫేబీ బట్టల సంచి వసారా మెట్టు మీదికి వచ్చేసింది. దాని పక్కన నీళ్ల సీసా, స్కూలు పుస్తకాలు, తల కింద లేకపోతే ఆ పిల్ల నిద్రపోని పూల దిండు. దిండు కూడా సర్దారంటే ఇది నాలుగు రోజుల ప్రయాణం కాదు. పెరటి గది కిటికీలోంచి అది చూసి షారన్ ఊచలకు మొహం ఆనించింది.

"ఎవురిని అడిగి సర్దినారు?" అంది గట్టిగా.

వంటింటి వెనక గుమ్మం దగ్గర కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తున్న అత్తగారు ఎస్తేరమ్మ తలెత్తలేదు.

"ఎవురిని అడగాల? దాని నాయన్ని అడిగినా. మనుబోల్లో మేనత్త ఇంటికి పోతా ఉండాది. పరాయి కొంపకు గాదు."

"కన్నదాన్ని నేనొకదాన్ని ఉండాను గదత్తా."

"ఉండావులే. అందుకే పంపిస్తా ఉండాం."

అని, చేప తల తెగ్గోసి పళ్లెంలో పడేసింది. రెండ్రోజులుగా పిల్ల ముద్ద ముట్టడం లేదని, తల్లి కిటికీలో కనబడుతూ ఉంటే ఆ బెంగ ఇంకా పెరుగుతుందని, కంటికి దూరం చేస్తే అదే తింటుందని పళ్లేనికే చెప్పుకుంటున్నట్టు గొణిగింది.

ఇవాళ్టికి పద్నాలుగో రోజు. తనతో ఇల్లిల్లూ తిరిగిన ఆశా కార్యకర్త మస్తానమ్మకు కరోనా అని తేలిన రోజున షారన్ తనంతట తానే చాప తీసుకుని ఈ కట్టెల గదిలోకి వచ్చేసింది. గుమ్మానికి ఆరడుగుల దూరంలో ముగ్గు పిండితో గీత గీసింది కూడా తనే. రెండుసార్లు పరీక్ష చేశారు, రెండుసార్లూ లేదనే వచ్చింది. ఇవాళ సాయంత్రం తలంటు పోసుకుని, గీత దాటి, ఏడేళ్ల కూతుర్ని ఒళ్లో పడుకోబెట్టుకోవాలని, రేపు పొద్దున మళ్లీ డ్యూటీకి పోవాలని ఆమె లెక్క. ఆ లెక్క తెలిసే కారు ఇవాళ వచ్చింది.

పాలెంలో ఇప్పటికి ఐదుగురికి జబ్బు తేలింది. బిట్రగుంట రైల్వే కాలనీ వెనక ఉన్న ముప్పై గడపల పాలెం అది. నర్సమ్మ షారనే తెచ్చిందని అందరూ తీర్మానించేశారు. పద్నాలుగు రోజులుగా గది దాటని మనిషి ఎలా తెస్తుందని ఒక్కరూ అడగలేదు. గాలికి వచ్చిందన్నారు, ఆమె బట్టలుతికిన నీళ్లు కాలవలో కలిశాయన్నారు. పాలు పోసే మనిషి రావడం మానేసింది. కుళాయి దగ్గర ఈ ఇంటి బిందె కనిపిస్తే కాలితో తన్నారు.

ఎస్తేరమ్మ ఒక్క మాట అంటే చాలు, ఆ నోళ్లు మూతబడేవి. ముప్పై ఏళ్లుగా పాలెం చర్చి గుడిలో బైబిలు స్త్రీ, అంటే ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పి ప్రార్థన చేసే మనిషి ఆమె. పురిటింటి నుంచి సమాధి దాకా పాలెంలో ఏ ప్రార్థనైనా ఆమె నోటనే. అలాంటి మనిషి ఆ ఒక్క మాటా అనలేదు. ఊరు తిట్టినందుకు కాదు, అత్త ఊరుకున్నందుకు షారన్ కుమిలిపోయింది.

గిద్యోను ఇంట్లోంచి వచ్చాడు. రైలు పట్టాల బిగింపులు చూసుకునే కీమాన్ పని అతనిది. రోజుకు పది కిలోమీటర్లు సుత్తి మోసుకు నడిచే మనిషి, భార్య గది దగ్గరికి రావడానికి మాత్రం కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు. గీత పక్కనున్న బట్టలుతికే బండ మీద ఒక కాగితం, పెన్ను పెట్టి, ఎగిరిపోకుండా గులకరాయి ఉంచి వెనక్కి జరిగాడు.

రాజీనామా అది. ఆరోగ్యం బాగాలేదు గనుక ఏఎన్ఎం నర్సు ఉద్యోగం మానుకుంటున్నానని అతనే రాసుకొచ్చాడు. షారన్ సంతకం పెట్టాలి. పెడితే ఆ మేనత్త మొగుడు జడ్సన్ బావ ఖాళీ కారుతో వెళ్లిపోతాడు, ఫేబీ ఇక్కడే ఉంటుంది. పెట్టకపోతే దేశంలో ఈ జబ్బు పోయేదాకా ఫేబీ మనుబోలులోనే. గొంతు పెంచకుండా చెప్పాడు. అతను అరిచి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

"నాకు నీ మీద కోపం లేదు షారన్. భయం. అంతే."

"నాకు లేదనుకుంటా ఉండావా భయం?"

అతను నేల చూశాడు. ఆ మాట ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా అడగలేదని అప్పుడే గుర్తొచ్చినట్టుంది.

షారన్‌కు భయం లేదని ఎవరు చెప్పారో గానీ, ఇంట్లో అందరూ అదే నమ్మారు. రోజుకు ఎనిమిదిసార్లు వేలికి ఆక్సీమీటరు తగిలించుకునేది. తొంభై ఎనిమిది చూపించినా నమ్మక వేలు మార్చి మళ్లీ చూసుకునేది. గొంతులో కాస్త గరగర అనిపిస్తే చాలు, తను పోతే ఫేబీకి జడ ఎవరు వేస్తారా అని ఏడ్చేది. మస్తానమ్మ పోయి ఆరు రోజులైంది. నీలం సంచిలో చుట్టి పూడ్చిపెట్టిన వీడియో ఎవరో పంపారు. కన్నకొడుకు బండి దిగలేదు.

ఇంకో మాట కూడా ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. ఆఖరి కరోనా పరీక్షల క్యాంపు రోజు ముఖానికి పెట్టుకునే షీల్డులు రెండు రావాల్సింది, ఒకటే వచ్చింది. మస్తానమ్మ దాన్ని షారన్ తలకు తగిలించి, నీకు చిన్న పిల్లుందమ్మా, నాకేముంది అంది. ఆ రోజు నుంచి ముక్కులో పెట్టే ఆ పరీక్ష పుల్ల తలుచుకుంటే చాలు, షారన్ కుడిచెయ్యి వణుకుతుంది. రేపు డ్యూటీకి పోతే ఆ చేత్తోనే పుల్ల పట్టాలి.

నిజం చెప్పాలంటే ఆ పని తప్పించే ఇలాంటి కాగితం కోసం ఆమె మోకాళ్ల మీద ప్రార్థించింది. ఇప్పుడది ఆరడుగుల దూరంలో ఉంది. అయితే ఇవాళ సంతకం పెడితే జబ్బు తెచ్చింది నేనేనని ఒప్పుకున్నట్టు. ఊరు అలాగే చదువుకుంటుంది.

పదిన్నరకు ఆమె పనిచేసే ఆసుపత్రి డాక్టరు నరేంద్రబాబు ఫోను చేశాడు. ఐదు కేసులూ మీ ఇంటి చుట్టూనే ఉన్నాయి, ఎవరి నుంచి ఎవరికి పోయిందో, ఇంకా ఎవరెవరు దగ్గరగా మెలిగారో మధ్యాహ్నం పన్నెండుకల్లా లిస్టు కావాలన్నాడు. ఆయన గొంతు కూడా ఆరిపోయి ఉంది, పది రోజులుగా కారులోనే పడుకుంటున్నాడని అందరికీ తెలుసు. ఆ విసుగంతా ఆమె మీద తీర్చుకున్నాడు.

"మొదటి పేరు ఎవరిదో దాచకుండా రాయమ్మా. నీదైనా సరే."

"నాకు రెండుసార్లు లేదని వచ్చింది గదా సార్."

"వచ్చిందిలే," అని పెట్టేశాడు.

షారన్ లిస్టు పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఫోన్లు మొదలుపెట్టింది. జబ్బు తేలిన మొదటి ఇంట్లో ఏసుమణి ఫోనెత్తి, మమ్మల్ని చంపింది చాలక పేర్లు కూడా రాసుకుంటావా అని నోటికొచ్చినట్టు తిట్టింది. రెండో ఇంట్లో పేరు వినగానే పెట్టేశారు. మూడో ఇంట్లో, నీ బిడ్డకు రావాల అన్నారు. ఆ మాటకు కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ, పెన్ను మాత్రం కింద పెట్టలేదు.

సమాధానం తాత ఒక్కడే అమ్మా అని పిలిచాడు. ఎనభై దాటిన మనిషి, ఒకప్పుడు రైల్వే గ్యాంగుమాను. మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటున్నాడు.

"జొరం అట్టనే ఉండాదమ్మా. అయినా నాకు దిగుల్లేదు. మొన్నటి ఆదివారం కాదు, ఆ ముందరి ఆదివారం బల్ల అందింది. గుడికి తాళం ఏసినా మీ అత్త మమ్మల్ని మరవలా. గిన్నె పట్టుకోని మొదట మా ఇంటికే వచ్చింది."

షారన్ పెన్ను ఆగిపోయింది. బల్ల అంటే గుడిలో ప్రభువు పేరున ఇచ్చే రొట్టె, గిన్నెలో ద్రాక్షరసం. ఆ ఆదివారమంటే తొమ్మిది రోజుల కిందట. తను ఈ గదిలో తలుపు మూసుకుని పడి ఉంది.

"ఇంట్లో ఇంకెవరుండారు తాతా?"

"మావోడు ఉండాడు గదా. మద్రాసు నించి వచ్చినకాడి నించి దగ్గతా పడుండాడు. వానికి గూడా తల మీద చెయ్యేసి ప్రార్థన చేసి పోయింది."

తన తర్వాత గిన్నె ఎవరింటికి పోయిందని అడిగితే, తాత వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ గుర్తున్నంతవరకు సంతోషంగా చెప్పాడు. ఏసుమణి వాళ్ల అత్త, ఆ పక్కింటి ముసలాయన, ఆ వెనక రెండిళ్లలో ఒక్కొక్కరు. షారన్ ఒక్కొక్క పేరుకూ టిక్కు పెట్టుకుంటూ పోయింది. పాలెంలో తేలిన ఐదు పేర్లూ ఆ వరసలో ఉన్నాయి. ఒకటి కూడా తప్పిపోలేదు.

అత్త నోరు ఎందుకు మూసుకుందో అప్పుడర్థమైంది.

మాస్కు కట్టుకుని గది బయటికి వచ్చి, గీత దగ్గర నిలబడింది.

"అత్తా, ఆదివారం గిన్నె ఎన్ని ఇళ్లకు తీసకపోయినారు?"

కత్తిపీట మీద చెయ్యి ఆగింది. గిద్యోను అర్థంకాక తల్లి వైపు చూశాడు. 

"సమాధానం తాత చెప్పినాడా?" అంది ఎస్తేరమ్మ. "పోయినా. దొంగతనంగా పోలా, తెల్లచీర కట్టుకోని నడివీధిలో పోయినా. యాభై ఏళ్లు ఒక్క నెల తప్పకుండా బల్ల తీసుకున్నోళ్లు వాళ్లు. గుడి మూసినారని ప్రభువు లేకుండా చావమంటావా?"

"ఒకే గిన్నెతోనా?"

"ఎన్నుంటాయి మే గిన్నెలు? ప్రభువు ఎన్ని పట్టుకున్నాడు? ప్రతి ఇంట్లో తెల్లగుడ్డతో అంచు తుడిచే ఇచ్చినా."

ఆ తెల్లగుడ్డ షారన్‌కు తెలుసు. అంచుకు దారంతో శిలువ కుట్టిన చేతిగుడ్డ, ఒకటే ఉంది. 

"ఒకే గుడ్డ."

"నేను ముందే తీసుకోని బయల్దేరినా. నాకేమైంది చెప్పు? గుండ్రాయి మాదిర ఉండాను. ఆయన రక్తంలో జబ్బుంటాదా?"

"మీరు ముందు తీసుకున్నారు గనకనే మీకు రాలేదత్తా. మద్రాసు కొడుకు కాడి నించి సమాధానం తాతకు, ఆయన నోటి నించి తర్వాత తాగినోళ్లకు వచ్చింది."

ఎస్తేరమ్మ లేచింది. చేతుల నిండా పొలుసు. పాలెంలో అందరికంటే పొడవైన ఆడమనిషి ఆమె, నిలబడితే గుమ్మం నిండుతుంది. రాయి, అంది. పదకొండు ఇళ్లు, పదకొండు గుక్కలు, అన్నీ రాసి, పైన నా పేరు రాయి. డాక్టరుకు ఇవ్వు, పోలీసులకు ఇవ్వు, ముప్పై ఏళ్లుగా నన్ను అమ్మగారని పిలిచిన నోళ్లతోనే హంతకురాలని పిలిపించు అంది. గొంతు ఎక్కడా వణకలేదు.

"అట్టా రాసినాక నీ బిడ్డ మొహం ఎట్టా చూస్తావో చూస్తా," అని ముగించింది.

గేటు దగ్గర్నుంచి జడ్సన్ కేకేశాడు. ఎరువుల కొట్టు నడిపే మనిషి, మాట ఎప్పుడూ తొందరే. పన్నెండు దాటితే పోలీసులు హైవే ఎక్కనివ్వరని, పిల్లను ఎక్కించేశానని, వెనక సీట్లో అప్పుడే నిద్రపోయిందని, ఏదో ఒకటి తేల్చమని అన్నాడు.

గిద్యోను ఇద్దరి మధ్యా నిలబడి మొహం తుడుచుకున్నాడు.

"పదకొండు పేర్లూ రాయి," అన్నాడు భార్యతో. "వాళ్లందరికీ పరీక్ష చెయ్యనీ. అది మనం ఆపగూడదు. అమ్మ పేరు మాత్రం వద్దు. పైన నీ పేరు రాయి. ఎట్టా నిన్నే అంటా ఉండారు గదా ఊళ్లో. కాయితం మీద సంతకం పెట్టు, రేపటి నించి నువ్వు ఆ పనికే పోవు. ఫేబీ నీ కాడే ఉంటాది."

ఎంత సులువుగా చెప్పాడో. ఎట్టా నిన్నే అంటున్నారు గదా. పన్నెండేళ్ల కాపురంలో ఆమెకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. కానీ కారు వెనక అద్దంలోంచి చిన్న జడ రిబ్బను కనిపిస్తోంది. కోపం ఆ రిబ్బను దగ్గరే ఆగిపోయింది.

షారన్ వంగి పెన్ను తీసుకుంది. లిస్టులో మొదటి గడిలో తన పేరు రాసింది. కింద సమాధానం తాత, ఆయన మద్రాసు కొడుకు, గిన్నె వరసలో మిగతా ఇళ్లు, ఇంకా జబ్బు తేలని ఆరుగురి పేర్లతో సహా, అత్తను అడిగి అడిగి రాసుకుంది. ఎస్తేరమ్మ ఒక్కొక్క పేరూ ఆమె మొహంలోకి చూడకుండా చెప్పింది. తర్వాత షారన్ రాజీనామా కింద సంతకం పెట్టింది. చెయ్యి వణకలేదు. భయం తీరిపోయిన చెయ్యి అది, దానికి సిగ్గు కూడా పడింది.

గిద్యోను కాగితాన్ని రెండు వేళ్లతో మూల పట్టుకుని తీసుకున్నాడు. సంతకం ఆరకముందే జేబులోంచి శానిటైజరు తీసి చేతులకు రాసుకున్నాడు. అది ఆమె చూసింది.

జడ్సన్‌కు సైగ చేశారు. అతను నిట్టూర్చి పూల దిండు తెచ్చి మళ్లీ మెట్టు మీద పడేశాడు.

షారన్ లిస్టు ఒకసారి చదువుకుంది. గిన్నెకు మూతి పెట్టినవాళ్లు ఎవరూ మిగిలిపోకూడదు, అది పదేళ్ల అలవాటు. చదువుతూ ఉండగా కొత్త కోడలిగా ఈ ఇంటికి వచ్చిన ఏడాది గుర్తొచ్చింది. గిన్నెలో మిగిలిన రసాన్ని తెలియక మల్లెపాదులో పోసింది. బల్ల రసం నేలపాలు చేస్తావా అని అత్త వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఈ ఇంట్లో మిగిలింది ఎవరో ఒకరు తాగాల్సిందే.

"పదకొండు ఇళ్ల తర్వాత గిన్నెలో మిగిలింది ఎవరు తాగినారత్తా?"

"నేనే తాగినా," అంది ఎస్తేరమ్మ.

చాలా తొందరగా అంది. అన్నాక పళ్లెం అందుకుని, కోసిన చేపల్నే మళ్లీ కడగడం మొదలుపెట్టింది.

అప్పుడే కారు దగ్గర జడ్సన్ గొంతు వినిపించింది. పిల్లను లేపబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"గిద్యోనూ, ఇదేంది, పిల్ల ఒళ్లు కాలతా ఉండాది?"

"బెంగ జొరం," అంది ఎస్తేరమ్మ వెంటనే. "అమ్మ మీద బెంగ. రాత్రి నించి ఉండాది. నేను నూనె రాసి ప్రార్థన చేసినా, తగ్గిపోతాది."

షారన్ ఆమెనే చూసింది. రెండ్రోజులుగా ముద్ద ముట్టని పిల్ల. రాత్రి నుంచి జ్వరం. పదకొండు గుక్కల తర్వాత మిగిలిన రసం. మనుబోలు కారు. ఎస్తేరమ్మ ఆ చూపుకు నిలవలేక గుమ్మంలోనే చతికిలబడింది. ముప్పై ఏళ్లుగా ఎవరి ముందూ తగ్గని గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది.

"గుక్కెడే మిగిలింది మే. నాకియ్యి నానమ్మా అని చెయ్యి జాపింది. బాప్తిస్మం లేని బిడ్డకు ఇయ్యగూడదని తెలుసు. పాపమని తెలుసు. తియ్యంగా ఉంటాది గదా అని..."

బిడ్డకు జబ్బు తగులుతుందని కాదు, బాప్తిస్మం లేని బిడ్డకు బల్ల ఇచ్చినందుకు ఆమె తొమ్మిది రోజులు దాచింది.  పద్నాలుగు రోజులు షారన్ ఏ బిడ్డను కాపాడాలని ఈ గదిలో కుళ్లిపోయిందో, ఆ బిడ్డకు అదే ఇంట్లో, ముద్దుగా, గిన్నెతో పట్టారు.

ఆమె గది వైపు తిరిగింది. గిద్యోను ఏదో అనబోయాడు, వినలేదు. గదిలోకి పోయి, క్యాంపులో మిగిలిన కిట్ల సంచి, చేతి తొడుగులు తెచ్చుకుని, గీత దాటి కారు దగ్గరికి పరిగెత్తింది. జడ్సన్ నాలుగడుగులు వెనక్కి పోయాడు.

ఫేబీ కళ్లు తెరిచింది. తల్లిని అంత దగ్గరగా చూసి మొహం విప్పారింది. మరుక్షణమే గౌను అంచు ముక్కుకు అడ్డం పెట్టుకుని సీటు చివరికి జరిగిపోయింది.

"రావద్దు మా. నానమ్మ తిడతాది."

"తిట్టదులే తల్లీ. తల పైకెత్తు."

చెయ్యి వేసి చూసింది. నుదురు పెనంలా ఉంది. వెనక ఎస్తేరమ్మ లేచి, నా తల్లీ, నా బంగారూ అంటూ పొలుసు చేతులతోనే గేటు వైపు నడిచి రాసాగింది.

"ఆడ్నే ఆగండి," అంది షారన్ వెనక్కి తిరగకుండా. "ఆ గీత కాడ్నే ఉండండి. పన్నెండో పేరు మీ నోటితో మీరే చెప్పండి, రాసుకుంటా."

ఏ ప్రార్థనలోనైనా వంద పేర్లు తడుముకోకుండా చెప్పే మనిషి. ఆ ఒక్క పేరు చెప్పలేక ముగ్గు గీత దగ్గరే నిలబడిపోయింది. గిద్యోను ఆ రాజీనామా కాగితం పట్టుకుని తల్లినీ భార్యనూ మార్చి మార్చి చూశాడు.

షారన్ కిట్టు చించి పుల్ల బయటికి తీసింది. ఫేబీ చెప్పినట్టే తల పైకెత్తి, కళ్లు గట్టిగా మూసుకుంది. పుల్ల ముక్కు దాకా వచ్చి ఆగింది. ఎంతసేపటికీ ఇంకేమీ జరగకపోతే పిల్ల ఒక కన్ను తెరిచి చూసింది.

"మా, నీ చెయ్యి ఎందుకట్టా వణకతా ఉండాది?"